తప్పులో తన వాటా

తాను చేసిన పని వల్ల ఎవరికో నష్టం జరిగిందని, అలా చేయకుండా ఉండాల్సిందని మనసు పదేపదే పీకుతూ ఉంటే దాన్ని అపరాధ భావన అంటారు. అది రోగం కాదు. కూలి డబ్బులు తగ్గించి ఇచ్చిన ఆసామికి ఆ రాత్రి నిద్ర పట్టకపోతే మంచిదే. తెల్లారి లేచి లెక్క చూసుకుని మిగతాది ఇచ్చి వస్తాడు. మనుషులు ఒకరినొకరు నమ్ముకుని బతకాలంటే ఈ బాధ ఉండాల్సిందే. చిక్కల్లా ఏమిటంటే, ఇది చేసిన తప్పును బట్టి కొలిచినట్టు రాదు. తప్పే లేని చోట వస్తుంది. చిన్న పొరపాటుకు కొండంతై కూర్చుంటుంది. నిజంగా బాధపడాల్సిన వాళ్ల జోలికి కొన్నిసార్లు పోనే పోదు. గుంటూరు, ప్రకాశం నల్లరేగడి నేలల్లో, అంటే 2022లో విడివడిన పల్నాడు, బాపట్ల జిల్లాలను కూడా కలుపుకుని, పత్తి, మిరప పండించే కుటుంబాల్లో ఈ కొలత తప్పడం వల్ల ఎంత నష్టం జరిగిందో నలభై ఏళ్ల అనుభవం చెబుతోంది.

అపరాధ భావనను, సిగ్గును కలిపి ఒకటే అనుకోవడం మామూలు. రెండూ పనిచేసే తీరు వేరు. అమెరికా మనస్తత్వవేత్త హెలెన్ బ్లాక్ లూయిస్ 1971లో ఈ తేడాను విడమరిచి చెప్పారు. తర్వాత జూన్ టాంగ్నీ, ఆమె సహచరులు దీని మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. అపరాధ భావన చేసిన పనిని చూస్తుంది: ‘ఆ మాట అనకుండా ఉండాల్సింది.’ సిగ్గు మనిషి మొత్తాన్ని చూస్తుంది: ‘నేనే పనికిమాలినవాణ్ని.’ మొదటిది ఉన్నవాడు ఎదుటివాడి గడపకు వెళ్లి క్షమించమంటాడు, పోయినది పూడ్చాలని చూస్తాడు. రెండోది ఉన్నవాడు తలుపు వేసుకుంటాడు, రచ్చబండ దగ్గరికి రావడం మానేస్తాడు, ఎవరైనా పలకరిస్తే కస్సుమంటాడు. టాంగ్నీ పరిశోధనల్లో తేలింది కూడా ఇదే. చేసిన పనికి బాధపడే గుణం ఉన్నవాళ్లలో ఎదుటివారి కష్టం గ్రహించడం, సరిదిద్దే ప్రయత్నం ఎక్కువగా కనిపించాయి. తమను తామే అసహ్యించుకునే వాళ్లలో కోపం, దిగులు, తప్పును ఇతరుల మీదికి నెట్టడం ఎక్కువగా కనిపించాయి. తనను తాను ఎంత తిట్టుకుంటే అంత బాగుపడతాడన్న నమ్మకం మన ఇళ్లలో బలంగా ఉంది. దానికి ఆధారం లేదు.

పల్లెలో సేద్యం వేరు, పరువు వేరు కాదు. పంట పోతే డబ్బు పోయిందనుకుని ఊరు ఊరుకోదు, ‘వాడికి సేద్యం చేతకాదు’ అంటుంది. అప్పు నోటు రాయించుకున్నవాళ్లు వచ్చి గడప ముందు నిలబడితే నలుగురిలో తల ఎత్తుకోలేననిపిస్తుంది. అలా పంట మీద మొదలైన బాధ కొద్ది రోజుల్లోనే మనిషి మీదికి మళ్లుతుంది. ఈ ప్రాంతంలో అపరాధ భావన ప్రాణం మీదికి తెచ్చిన చోటల్లా జరిగింది ఈ మళ్లింపే.

పత్తి కథ చూస్తే ఇది తెలుస్తుంది. 1980ల మొదట్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కోస్తా పత్తి చేలల్లోకి వచ్చాయి. మొదట బాగా పనిచేశాయి, అందరూ కొట్టారు. ఆ మందులు పురుగుతో పాటు, పురుగును తినే మిత్ర కీటకాలను కూడా చంపేశాయి. అదుపు చేసేవి లేకపోయేసరికి తెల్లదోమ విరుచుకుపడింది. మందు కొట్టేకొద్దీ దోమ పెరిగింది, దోమ పెరిగేకొద్దీ రైతు ఇంకా మందు కొట్టాడు. ఆ దశాబ్దం రెండో సగంలో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా వార్త అయ్యాయి. పదేళ్లు తిరిగాక, 1997-98లో, పురుగుల దెబ్బకు వరంగల్ జిల్లాలో అదే విషాదం మళ్లీ నడిచింది. పోయిన రైతుల్లో ఎందరో తమ చేను తమ తప్పు వల్లే పోయిందనుకుని ఉంటారు. కానీ జిల్లాలకు జిల్లాల చేలు ఒకే ఏడు పురుగు పాలైతే, ఆ తప్పు ఒక్కో ఇంట్లో ఒక్కో మనిషిది ఎలా అవుతుంది? మందు అమ్మిన కంపెనీలు, వాడకం మీద అదుపు పెట్టని వ్యవస్థ, పరిశోధన ఫలితం చేను దాకా చేరడంలో జరిగిన ఆలస్యం, అన్నిటికీ అందులో పాలు ఉంది. తెల్లదోమను తట్టుకునే కాంచన వంటి రకాలను గుంటూరు దగ్గరి లాం ఫారం శాస్త్రవేత్తలు తర్వాత తీసుకొచ్చారు. ఆ రకాలు చేతికి రాకముందు పంట పోగొట్టుకున్నవాడు తెలివి తక్కువవాడు కాదు.

మిరపలో ఇలాంటిదే 2021-22లో జరిగింది. చేను పూత మీద ఉన్నప్పుడు ఒక పువ్వు కోసి అరచేతిలో దులిపితే నల్లటి, సన్నటి పురుగులు గుంపులుగా రాలి పాకేవి. రైతులు దానికి నల్లతామర అని పేరు పెట్టుకున్నారు. శాస్త్రజ్ఞుల లెక్కలో అది త్రిప్స్ పార్విస్పైనస్, ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పురుగు. మన దేశంలో 2015లో బొప్పాయి మీద కనిపించింది గానీ మిరప మీద ఇంతగా పడుతుందని ఎవరూ ఊహించలేదు. పాత తామర పురుగు ఆకుల్లో ఉంటుంది. ఇది పువ్వులోపల దాక్కుంటుంది కాబట్టి మందు అందదు. పూత రాలిపోయింది, నిలిచిన కాయ గిడసబారింది. ఖరీదైన హైబ్రిడ్ విత్తనం కొని, నారు పోసి, నాటి, పెంచిన మొక్కలను చాలామంది తమ చేతులతోనే పీకేసి మొక్కజొన్న వేసుకున్నారు.

ఆ ఇళ్లలో రాత్రుళ్లు తిరిగిన మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. తేజా బదులు ఇంకో రకం వేసి ఉంటే. రెండెకరాలతో ఊరుకోక ఐదెకరాలు కౌలుకు పట్టకుండా ఉంటే. మొదటి మందు వారం ముందు కొట్టి ఉంటే. ఈ ‘ఉంటే’ల వెనక మనసు చేసే పొరపాటు ఒకటుంది. ఫలితం తెలిశాక, అది ముందే తెలిసినట్టు తోస్తుంది. బరూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వవేత్త 1975లో దీన్ని ప్రయోగాలతో చూపించారు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చేయబోయే చైనా, మాస్కో పర్యటనల్లో ఏమేం జరగవచ్చో కొందరితో ముందే అంచనాలు రాయించుకున్నారు. పర్యటనలు ముగిశాక, అప్పుడు ఏం రాశారో గుర్తు చేసుకోమంటే, జరిగిన సంగతులకు తాము ముందే ఎక్కువ అవకాశం ఇచ్చామని చాలామంది అనుకున్నారు. డిసెంబరులో పీకేసిన చేనును చూసి జులై నాటి నిర్ణయాన్ని తూచే రైతుకూ అదే జరుగుతుంది. జులైలో అతని చేతిలో ఉన్న సమాచారం ఏమిటి? అంతకు ముందు ఏడు మిర్చికి రేటు బాగుంది. ఊళ్లో అందరూ సాగు పెంచుతున్నారు. నల్లతామర పేరు చాలామంది విననే లేదు. ఆ రోజు తెలిసినదాన్ని బట్టే ఆ రోజు నిర్ణయాన్ని తూచడం న్యాయం.

ఇంత బాధ పెట్టే ఆలోచనను మనసు ఎందుకు వదలదు? నిస్సహాయత అపరాధ భావన కన్నా భయంకరంగా అనిపించడం ఒక కారణం. ‘నా తప్పు వల్లే పంట పోయింది’ అనుకుంటే, వచ్చే ఏడు తప్పు చేయకపోతే పంట దక్కుతుందన్న ఆశ లోపల మిగులుతుంది. పురుగు, వాన, రేటు, ఏదీ తన చేతిలో లేదని ఒప్పుకుంటే ఆ ఆశ కూడా పోతుంది. అందుకే లేని తప్పును కూడా మనిషి నెత్తిన పెట్టుకుంటాడు. రేటు సంగతే తీసుకుంటే, 2023లో క్వింటాలు ఇరవై వేలు దాటిన మిర్చి 2025 మొదట్లో ఎంతగా పడిపోయిందంటే, ఆ ఫిబ్రవరిలో కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు రూ.11,781 ధర ప్రకటించాల్సి వచ్చింది. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (బస్తాలు) ఏ రోజు తోలాడన్నది రైతు నిర్ణయం. ఎగుమతి గిరాకీ, కోల్డ్ స్టోరేజీల్లో పేరుకున్న నిల్వలు అతని నిర్ణయాలు కావు.

ఏది ఎవరిదో తేల్చుకోవడానికి మానసిక చికిత్సలో వాడే సులువైన పద్ధతి ఒకటుంది. కాగితం మీద ఒక గుండ్రం గీసి, జరిగిన నష్టానికి కారణమైన ప్రతిదానికీ అందులో ఒక ముక్క ఇవ్వాలి. ఇక్కడ కిటుకు వరసలో ఉంది: మిగతా కారణాలన్నీ రాశాకే, చివరగా తన ముక్క గీసుకోవాలి. మొదట తనది రాసుకుంటే గుండ్రం అంతా తనతోనే నిండిపోతుంది. 2021-22 నాటి మిరప కౌలు రైతు ఈ పని చేస్తే ఎలా ఉంటుందో చూడవచ్చు. కొత్త పురుగుకు ఒక పెద్ద ముక్క. దానికి పనిచేసే మందు అప్పటికి తేలకపోవడానికి ఒకటి. ఆ నవంబరు వానలకు ఒకటి. పంటతో నిమిత్తం లేకుండా ముందే కట్టాల్సిన కౌలుకు ఒకటి. మందుల కొట్టులో ఖాతా ఉంది కాబట్టి, కొట్టువాడు ఏది ఇస్తే అది తెచ్చి కొట్టాల్సి రావడానికి ఒకటి. సలహా చెప్పేవాడే అప్పిచ్చేవాడూ అయినప్పుడు రైతుకు మారుమాట ఉండదు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు కార్డు రావాలంటే భూయజమాని ఒప్పుకోవాలి. ఆ సంతకం దొరకక బ్యాంకు అప్పు, నష్టపరిహారం అందకపోవడానికి మరొకటి. ఇవన్నీ పోను మిగిలింది అతనిది. ఐదెకరాలు పట్టడం అతని నిర్ణయమే. పని చేయడం లేదని తెలిశాక కూడా మందు మీద మందు కొట్టడం కొంత అతనిదే. భార్యకు చెప్పకుండా నూటికి మూడు వడ్డీకి నోటు రాయడం పూర్తిగా అతనిదే.

ఈ లెక్క తప్పించుకోవడానికి వేసేది కాదు. చివర మిగిలిన ముక్క చిన్నదే కావచ్చు, కానీ అది నిజమైనది, దాన్ని ఏమైనా చేయవచ్చు. గుండ్రం అంతా తనదే అనుకున్నవాడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కూలబడతాడు. తన ముక్క ఏదో తెలిసినవాడు భార్య దగ్గర కూర్చుని నోట్ల లెక్క చెప్పగలడు, వచ్చే ఏడు ఎకరాలు తగ్గించగలడు, మందు కొనేముందు రైతు సేవా కేంద్రంలో అడిగి రాగలడు.

ఆడవాళ్ల అపరాధ భావన గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. పుస్తెల తాడు తాకట్టు పెట్టడానికి ఒప్పుకున్నానని, ఒప్పుకోకపోతే ఆయన ఆగేవాడేమోనని ఒకామె కుములుతుంది. పిల్ల ఫీజు గురించి ఆ రోజు గట్టిగా అడిగానని ఇంకొకామె. మిరప కోతలకు కర్నూలు వైపు నుంచి, ప్రకాశం పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే పల్నాడుకు వలస వస్తాయి. ఆ తల్లులు పిల్లలను బడి మాన్పించి వెంట తెచ్చుకోవాలి, లేదా ముసలివాళ్ల దగ్గర వదిలి రావాలి. ఏది చేసినా మనసు తప్పే అంటుంది. కూలి లేని ఊళ్లో ఆ పిల్లల కడుపు నింపడానికి ఆ తల్లికి ఇంకో దారి ఎవరు చూపించారు? వలస వెళ్లే పిల్లలకు బడి, వసతి చూడాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఆ బాధ్యత తీరని చోట దాని బరువు తల్లి మీద పడుతోంది. ఆ బాధను ఆమె నుంచి తీసి ఉండాల్సిన చోట పెట్టడం న్యాయమే.

ఇక నిజంగా తప్పు జరిగిన చోట్లు ఉంటాయి. కోతకు వచ్చిన కూలీలు పక్క సాలులో ఉండగానే మందు కొట్టించడం, తూకం పెరగాలని కాయ మీద నీళ్లు చల్లడం, కూలి ఎగ్గొట్టడం, నష్టం కోపాన్ని ఇంట్లోవాళ్ల మీద చేతులతో చూపించడం. ఇక్కడ ‘అందరూ చేసేదే’ అని మనసుకు సర్దిచెప్పుకోవడం ఆరోగ్యం కాదు. బాధ పడాలి, ఆ బాధ ఒక పనిగా మారాలి. ఏం చేశాడో మెలికలు పెట్టకుండా చెప్పడం, ఎదుటివాడి నష్టం వినడం, పూడ్చగలిగింది పూడ్చడం, మళ్లీ జరగకుండా ఏర్పాటు చేసుకోవడం, ఇదీ ఆ పని. క్షమించాలా వద్దా అన్నది మాత్రం ఎదుటివాడి ఇష్టం. క్షమించకపోయినా చేయాల్సింది చేశాక ఆ బాధకు ఇక పని లేదు.

ఈ నేలకు ఈ విద్య కొత్త కాదు. అమరావతి, భట్టిప్రోలు, నాగార్జునకొండ విహారాల్లో బతికిన బౌద్ధ భిక్షువుల నియమం ప్రకారం, ప్రతి అమావాస్యకూ పున్నమికీ సంఘం కూడి నియమాలు చదవాలి. దానికి ముందే ఎవరి దోషం వాళ్లు తోటి భిక్షువుకు చెప్పుకోవాలి. చిన్న దోషాలు ఆ చెప్పుకోవడంతోనే తీరిపోయేవి. పెద్దవాటికి నిర్ణీత గడువుతో ప్రాయశ్చిత్తం ఉండేది. తప్పు చేయడానికి జంకడాన్ని లోకాన్ని కాపాడే గుణంగా చెప్పిన ఆ ధర్మమే, చేసినదాని గురించీ చేయనిదాని గురించీ మనసు కొట్టుమిట్టాడటాన్ని ధ్యానానికి అడ్డుపడే ఐదింటిలో ఒకటిగా లెక్కించింది. ఆరోగ్యకరమైన బాధకూ అనారోగ్యకరమైన బాధకూ ఇంతకన్నా స్పష్టమైన గీత ఈనాటి పుస్తకాల్లోనూ అరుదు. లూథరన్ మిషన్ 1842లో గుంటూరుకు వచ్చాక వెలసిన చర్చిల్లో ఆరాధన పాప ఒప్పుకోలు ప్రార్థనతో మొదలవుతుంది. మసీదులో తౌబా అనే పశ్చాత్తాపం ఉంది. ధర్మశాస్త్రాల్లో ప్రాయశ్చిత్త ప్రకరణాలున్నాయి. అన్నిటిలోనూ బాధకు ఒక మొదలు, ఒక చేయాల్సిన పని, ఒక ముగింపు ఉన్నాయి. ఎవరి సంప్రదాయంలో వాళ్లకు ఇది ఇప్పటికీ పనికొస్తుంది.

పశ్చాత్తాపానికి చరిత్రలో పెద్ద ఉదాహరణ అశోకుడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద చెక్కిన శాసనాల్లో పదమూడోది కళింగ యుద్ధం గురించి: లక్షమంది చనిపోయారని, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారని, అందుకు రాజు కుమిలిపోతున్నాడని అందులో ఉంది. కానీ కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడ బండల మీద ఈ శాసనం లేదు. దాని చోట వేరే ఆజ్ఞలున్నాయి. కారణాలు ఏవైనా, పశ్చాత్తాపం లోకమంతటికీ తెలిసి, దెబ్బ తిన్నవాళ్లకు మాత్రం అందలేదు. ఊళ్లో పదిమంది ముందు తనను తాను తిట్టుకుంటూ, మోసపోయిన కౌలుదారు ఇంటికి మాత్రం వెళ్లనివాడిలోనూ ఈ లోపమే ఉంది.

అప్పు గురించి వేరుగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ ప్రాంతంలో అపరాధ భావన ఎక్కువగా అప్పు రూపంలోనే ఇంట్లోకి వస్తుంది. అప్పు తీర్చలేకపోవడం డబ్బు లెక్క; దాన్ని గడువు పెంచి, వాయిదాలు మార్చి, వడ్డీ మాట్లాడి పరిష్కరించుకోవచ్చు. కరువో తెగులో వచ్చిన ఏడు పంట రుణాల గడువు మార్చడానికి బ్యాంకులకు రిజర్వు బ్యాంకు నిబంధనలున్నాయి. అడగడానికి సిగ్గుపడి మొహం చాటేసినవాడికే వడ్డీ మీద వడ్డీ పడుతుంది.

ఆత్మహత్య జరిగిన ఇంట్లో మిగిలినవాళ్ల బాధ అన్నిటికన్నా బరువైనది. ‘ఆ రోజు ఆయన అన్నం సరిగా తినలేదు, అప్పుడే కనిపెట్టి ఉంటే’ అని భార్య, ‘నా కాలేజీ ఫీజు వల్లే’ అని కొడుకు. బతికి మిగిలినందుకే కలిగే ఇలాంటి అపరాధ భావనను 1960లలో విలియం నీడర్‌లాండ్ అనే మానసిక వైద్యుడు, నాజీ శిబిరాల నుంచి బయటపడినవాళ్లలో గమనించి వివరించారు. ఇక్కడ పెద్దవాళ్లు చేయాల్సింది పిల్లలకు నోరు తెరిచి చెప్పడం: నాన్న పోవడానికి నువ్వు కారణం కాదు, అది ఎన్నో కష్టాలు ఒక్కసారి మీదపడి కమ్మిన జబ్బు. ఒకసారి చెబితే చాలదు. పిల్లలు అడగకపోయినా చెప్పాలి, ఎందుకంటే అడగనివాళ్లే లోపల ఎక్కువగా నమ్ముతారు. ఇరుగుపొరుగు కూడా ‘నువ్వైనా చూసుకోవద్దా’ అన్న మాట ఆ గడపలో అనకూడదు.

అపరాధ భావన జబ్బుగా మారిందనడానికి గుర్తులున్నాయి. జరిగినదానితో పొంతన లేనంత బాధ, రెండు వారాలకు పైగా రోజంతా దిగులు, నిద్ర, ఆకలి పోవడం, ‘నేను లేకపోతే వీళ్లు సుఖపడతారు’ అన్న మాట. తీవ్రమైన డిప్రెషన్‌ను గుర్తించే లక్షణాల్లో మితిమీరిన అపరాధ భావన కూడా ఒకటి. ఈ దశలో తప్పు నీది కాదని వాదించి గెలవడం కష్టం. మందులు, చికిత్స కావాలి. ‘నేను లేకపోతే’ అన్న మాట విన్నవాళ్లు ‘చచ్చిపోవాలనిపిస్తోందా’ అని సూటిగా అడగవచ్చు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయం నిజం కాదు. మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో, పశువుల కొట్టంలో ఉన్న పురుగుమందులను అతనికి అందకుండా తాళం వేసి మరొకరి అధీనంలో పెట్టాలి. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన మందులను 1990ల నుంచి నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి. గడ్డు ఘడియ దాటించగలిగితే ప్రాణాలు నిలుస్తాయని అది రుజువు చేసింది.

2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. బాధపడే మనిషి చేయలేకపోతే ఇంట్లోవాళ్లు చేసి ఏం చేయాలో అడగవచ్చు. అవసరమైతే దగ్గరి ఆసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి దారి చూపిస్తారు. ఎవరైనా ఆత్మహత్యకు ప్రయత్నించి బతికితే కేసు పెడతారేమోనన్న భయంతో ఆసుపత్రికి ఆలస్యం చేయకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, వేరే రుజువు లేనంతవరకు ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, విచారించి శిక్షించకూడదు. అతనికి వైద్యం, సంరక్షణ, పునరావాసం అందించడం ప్రభుత్వ బాధ్యత అని అదే సెక్షన్ చెబుతోంది.